కబురందితే చాలదు... బండి తిప్పే వీలుండాలి!

పుదుచ్చేరి పక్కన సముద్రపు ఒడ్డున వీరాంపట్టినం అని ఓ పల్లె. ఊరంతా చేపలవేట మీద బతికేవాళ్లే. 1990ల చివర్లో ఆ ఒడ్డున లౌడ్‌స్పీకర్లు కట్టారు. వచ్చే 24 గంటల్లో అలలు ఎంత ఎత్తు లేస్తాయి, గాలి ఎటు నుంచి ఎంత జోరుగా వీస్తుంది అన్నది రోజూ మైకులో తమిళంలో చెప్పేవారు. విన్నవాళ్లు వేటకు పోవాలో, వలలు బాగు చేసుకుంటూ ఇంటి దగ్గరే ఉండాలో తేల్చుకునేవారు.

ఆ కబురు ఎక్కడి నుంచి వచ్చేదో తెలుసా? అమెరికా నౌకాదళం వాళ్ల ఇంటర్నెట్ వెబ్‌సైట్ నుంచి! బంగాళాఖాతంలో తమ ఓడల కోసం వాళ్లు వేసుకున్న లెక్క అది. ఎవరైనా చూసుకోవచ్చునని బయట పెట్టారు. దాన్ని ఒకరు దించి, తమిళంలోకి మార్చి, గొంతుతో రికార్డు చేసి ఒడ్డుకు పంపేవారు. తెప్ప నడిపే మనిషికి ఇంగ్లీషు రానక్కర్లేదు, కంప్యూటర్ ముట్టుకోనక్కర్లేదు. చెవులుంటే చాలు.

ఇంటర్నెట్‌తో పేదవాడికి ఏం ఒరుగుతుందన్న ప్రశ్న మన రచ్చబండ మీద ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. ప్రపంచంలో ఇంకా 260 కోట్ల మందికి ఆ సౌకర్యమే లేదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘం 2024లో అంచనా వేసింది. ఉన్నవాళ్లలో కూడా దాంతో నాలుగు డబ్బులు మిగుల్చుకున్న సన్నకారు రైతులెందరు? గత పాతికేళ్లలో చాలాచోట్ల ఈ ప్రయత్నం జరిగింది. కొన్ని ఫలించాయి, కొన్ని బెడిసికొట్టాయి. ఎక్కడ ఫలించింది, ఎందుకు ఫలించింది అన్నది రెండెకరాల రైతు కూడా తెలుసుకోదగ్గ సంగతి.

గుడిలో కంప్యూటర్

వీరాంపట్టినం ఏర్పాటు వెనుక ఉన్నది చెన్నైలోని ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధనా సంస్థ. వరి వంగడాలతో మనందరికీ తెలిసిన స్వామినాథన్ గారే. కెనడాకు చెందిన ఐడీఆర్‌సీ అనే సంస్థ డబ్బు సాయంతో 1998లో పుదుచ్చేరి పల్లెల్లో పని మొదలుపెట్టారు. విల్లియనూరులో ఓ ప్రధాన కేంద్రం. అక్కడ మాత్రమే టెలిఫోన్ లైను మీద ఇంటర్నెట్. అక్కడి నుంచి చుట్టుపక్కల ఊళ్లకు పోలీసుల వైర్‌లెస్ లాంటి రేడియో సెట్లతో కబుర్లు వెళ్లేవి. అప్పట్లో పల్లెల్లో టెలిఫోన్ తీగల సంగతి తెలిసిందే గదా! కరెంటునూ నమ్మలేక కొన్నిచోట్ల సోలార్ పలకలు పెట్టారు.

మెచ్చుకోవలసింది యంత్రాలను కాదు, పెట్టిన షరతులను. కేంద్రానికి గది ఊరే ఇవ్వాలి. నడిపే మనుషులు ఆ ఊరివాళ్లే కావాలి. ఏ కులం వాళ్లొచ్చినా లోపలికి రానివ్వాలి. ఎంబాలం అనే ఊళ్లో కేంద్రాన్ని గుడి ఆవరణలోనే పెట్టారు, నడిపింది ఆడవాళ్లు. పెద్దగా చదువుకోని వాళ్లు కూడా కొద్ది నెలల్లో కంప్యూటర్ మీద తమిళం టైపు కొట్టడం నేర్చేసుకున్నారు.

ముందుగా ఊరివాళ్లను మీకేం తెలియాలి అని అడిగారు. వచ్చిన జవాబుల్లో అమెరికా లేదు, లండను లేదు. ధాన్యం ధర, ఎరువు ఎక్కడ దొరుకుతుంది, బస్సు వేళలు, ఆసుపత్రిలో డాక్టరు ఏ రోజు ఉంటాడు, సర్కారు పథకాల్లో మనకేం వస్తుంది... ఇవీ. ఇందులో చాలాభాగం ఇంటర్నెట్‌లో దొరికేది కాదు. చుట్టుపక్కల తిరిగి, ఆఫీసుల్లో అడిగి పోగుచేయవలసిందే. వాళ్లు అదే చేశారు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాల జాబితా కూడా తెచ్చి కేంద్రాల్లో పెట్టారు. అందులో తన పేరుందో లేదో ఎవరి కాళ్లావేళ్లా పడకుండా చూసుకోవచ్చు. ఇన్నాళ్లూ ఆ కాగితం ఎవరి బీరువాలో ఉండేదో వేరే చెప్పాలా! ఈ సమాచారంతోనే 'నమ్మ ఊరు సెయ్ది' అని ఓ చిన్న పత్రిక కూడా అచ్చు వేశారు.

తాళం పగలగొట్టిన రోజు

2004 డిసెంబరు 26, ఆదివారం. పుదుచ్చేరి తీరంలోనే నల్లవాడు అనే ఊరు. ఆ ఊరి మనిషి ఒకడు సింగపూర్‌లో పనిచేస్తున్నాడు. భూకంపం, సునామీ వార్త విని గుండెలదిరి ఇంటికి ఫోన్ చేశాడు. ఇక్కడ సముద్రం ముందుకొస్తోందని ఇంట్లోవాళ్లు చెప్పారు. ఉన్నపళాన పారిపొమ్మని, ఊరందరికీ చెప్పమని అరిచాడు. ఊరివాళ్లు సమాచార కేంద్రం దగ్గరికి పరుగెత్తి, తలుపు బద్దలుకొట్టి మైకు అందుకున్నారు. రోజూ అలల ఎత్తు చెప్పే ఆ మైకులోనే ఊరు ఖాళీ చేయమని కేకలు వేశారు. సుమారు 3,600 మంది ప్రాణాలతో బయటపడ్డారు. ఇళ్లు కూలాయి, పడవలు కొట్టుకుపోయాయి. మనుషులు దక్కారు.

సునామీ కోసం ఆ మైకు పెట్టలేదు. కానీ రోజూ వాడుకలో ఉంది కాబట్టి ఆ పూట పనిచేసింది. అందులోంచి వచ్చే మాట నిజమని అప్పటికే ఊరికి నమ్మకం కుదిరింది కాబట్టి జనం కదిలారు. అదే ఏ ఆఫీసులోనో దుమ్ముపట్టిన యంత్రమైతే ఆ ఉదయం ఎవరికి గుర్తొచ్చేది?

ఇప్పుడు ఆ అలల కబురు కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ దేశంలోని తీరమంతటికీ సముద్రం పరిస్థితి, చేపలు ఎక్కువగా దొరికే చోట్లు చెబుతోంది. 2007 నుంచి సునామీ హెచ్చరికలు కూడా అక్కడి నుంచే వెళ్తున్నాయి.

అడగకుండానే సలహా

సముద్రం సంగతి సరే, మెట్ట చేలో పత్తి వేసుకున్న మన సంగతేమిటి? దీనికి జవాబు మన వరంగల్‌లోనే ఉంది.

1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతు ఎలా కుప్పకూలాడో మరిచిపోగలమా! పొగాకు లద్దెపురుగు చేలను ఊడ్చేసింది. కొట్టిన మందే మళ్లీ మళ్లీ కొట్టారు. పురుగు చావలేదు, అప్పు మిగిలింది. ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడు పత్తి రైతుకు సలహా చెప్పినవాడెవరు? మందుల దుకాణంవాడు. అప్పిచ్చిందీ అతనే, డబ్బా ఇచ్చిందీ అతనే, పనిచేయకపోతే ఇంకో డబ్బా ఇచ్చిందీ అతనే. ఏదో ఒక దుకాణాన్ని అనడం కాదు, పద్ధతే అలా ఉంది. మండలానికి ఒక్క వ్యవసాయాధికారి ఎన్ని చేలు తిరగగలడు?

2004లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు 'ఈ-సాగు' పేరుతో ఓ పద్ధతి మొదలుపెట్టారు. వరంగల్ జిల్లా అప్పటి ఆత్మకూరు మండలంలో ఊరుగొండ వగైరా మూడు ఊళ్లలో 1,051 పత్తి చేలు తీసుకున్నారు. చదువుకున్న ఊరి కుర్రవాళ్లను సమన్వయకర్తలుగా పెట్టి చేతికి డిజిటల్ కెమెరాలు ఇచ్చారు. వారానికో, రెండు వారాలకో ఒకసారి చేను చేనూ తిరిగి ఆకు, కాయ, పురుగు ఫొటోలు తీయాలి. ఎప్పుడు విత్తారు, ఏం మందు కొట్టారు, వాన ఎప్పుడు పడింది రాసుకోవాలి. ఆ ఫొటోలు అప్పటి టెలిఫోన్ లైను మీద వెళ్లలేనంత బరువు. అందుకని సీడీల మీద ఎక్కించి కొరియర్‌లో హైదరాబాద్ పంపేవారు! అక్కడ వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఒక్కో చేను ఫొటోలు చూసి ఆ చేనుకు తగ్గ సలహా రాసేవారు. ఆ సలహా మాత్రం ఇంటర్నెట్‌లో వచ్చేది. ఒకటిన్నర రోజు తిరగకుండా చీటీ రైతు చేతిలో ఉండేది.

చూశారా, పోయేది కొరియర్‌లో, వచ్చేది ఇంటర్నెట్‌లో. పెద్ద చదువులు చదివినవాళ్లు దీనికి నవ్వుకోవచ్చు. కానీ ఉన్నదాంతో పని జరిపించుకోవడం అంటే ఇదే. మోటారు కాలితే కవిలె కట్టిన తాతల బుద్ధి.

ఇందులో అసలు కిటుకు ఇంకోటి ఉంది. ఇక్కడ రైతు ప్రశ్న అడగక్కర్లేదు. మామూలుగా ఏ సలహా కేంద్రమైనా మీ సమస్యేమిటో చెప్పండి అంటుంది. సమస్య ఉందని తెలిస్తే గదా చెప్పడానికి! ఆకు అడుగున తెల్లదోమ గుడ్లు పెట్టినప్పుడు రైతుకు ఏమీ కనిపించదు. కనిపించి పరుగెత్తే సరికి చేను ఎర్రబడి ఉంటుంది. ఈ పద్ధతిలో చేను దగ్గరికే కన్ను వచ్చింది. అడగకుండానే, ఈ వారం మందు అక్కర్లేదు, ఊరుకో అని కూడా చెప్పింది. మందు కొట్టవద్దని చెప్పే సలహా ఏ దుకాణంలో దొరుకుతుంది?

పదకొండు పడవలు, ఇరవై ఏడుగురు కొనుగోలుదార్లు

ఇక ధర సంగతికి వద్దాం. రైతు గుండె కొట్టుకునేది అక్కడే.

1997 జనవరి 14న కేరళలోని వడకర ఒడ్డుకు పదకొండు పడవల వాళ్లు కవళ్ల చేపలతో వచ్చారు. కొనేవాడు లేడు. అందరికీ సరుకు దొరికింది, ఒడ్డు నిండిపోయింది. తెచ్చిన చేపలు పారబోసి పోయారు. అదే పూట అక్కడికి పదిహేను కిలోమీటర్ల లోపే ఉన్న వేరే ఒడ్లలో ఇరవై ఏడుగురు కొనుగోలుదార్లు చేపలు దొరక్క ఉత్త చేతులతో వెళ్లబోతున్నారు. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త రాసిపెట్టిన లెక్క ఇది. టమాటా రోడ్డు మీద పోసి వచ్చిన మదనపల్లె రైతుకు, పత్తికొండ రైతుకు దీని అర్థం విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఆ ఏడాది నుంచే కేరళ తీరంలో సెల్‌ఫోన్ టవర్లు లేచాయి. సిగ్నలు సముద్రంలోకి ఇరవై, పాతిక కిలోమీటర్ల దాకా అందేది. పడవలో ఉండగానే నాలుగు ఒడ్లకు ఫోన్ చేసి ఎక్కడ ధర ఉందో అడిగి పడవను అటే తిప్పేవారు. అంతకుముందు రోజుకు వందకు ఐదు నుంచి ఎనిమిది వంతుల చేప వృథా అయ్యేది. తర్వాత ఆ వృథా దాదాపు ఆగిపోయింది. వేటగాళ్ల లాభం 8 శాతం పెరిగింది. కొనేవాడికి ధర 4 శాతం తగ్గింది. ఇద్దరికీ మేలే. నష్టపోయింది సముద్రంలో పారబోసిన దండగ ఒక్కటే.

మధ్యప్రదేశ్ సోయాబీన్ రైతుది ఇంకో కథ. 2000 జూన్‌లో ఐటీసీ కంపెనీ అక్కడి పల్లెల్లో 'ఈ-చౌపాల్' పేరుతో కంప్యూటర్లు పెట్టింది. ఊళ్లోనే ఓ రైతు ఇంట్లో కంప్యూటర్, దాన్ని చూసుకునే బాధ్యత ఆ రైతుదే. మండీల్లో సోయా ధర, కంపెనీ తాను ఇచ్చే ధర అందులో వచ్చేవి. ధర ఇంట్లోనే తెలుసుకుని, మండీకి పోవాలో, కంపెనీ కాటా దగ్గరికి పోవాలో రైతు నిర్ణయించుకునేవాడు. అంతకుముందు మండీకి బండి తోలాకే ధర తెలిసేది. తోలిన బండిని వెనక్కి తీసుకురావాలంటే మళ్లీ కిరాయి. ఆ సంగతి వ్యాపారికి తెలుసు. ఆ తెలివిలోంచే ధర పుట్టేది.

ఐటీసీ వాళ్లేమీ ధర్మసత్రం పెట్టలేదు. సోయా కావాలి, కొన్నారు. కానీ ఆర్థికవేత్త అపరాజితా గోయల్ లెక్కలు తీసి 2010లో ప్రచురించిన విషయం ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆ కంప్యూటర్లు వచ్చిన జిల్లాల్లో మామూలు మండీల్లో కూడా సోయా ధర సగటున 1 నుంచి 3 శాతం దాకా పెరిగింది. అంటే ఆ కంప్యూటర్ ముఖం చూడని రైతుకూ కాస్త లాభం అందింది. ఇంకో కొనుగోలుదారు పక్కనే ఉన్నాడన్న భయం మండీ వ్యాపారి చేత ధర పెంచించింది.

ధర తెలిసింది, లాభం రాలేదు

ఇంతదాకా విని, అయితే ఫోన్లో ధర చూసుకుంటే చాలన్నమాట అనుకోవద్దు. పక్కనే మహారాష్ట్రలో 100 ఊళ్లలో ఒక పరీక్ష జరిగింది. కొందరు రైతులకు ధరలు, వాతావరణం, పంట సలహాలు రోజూ సెల్‌ఫోన్‌కు సందేశంగా పంపారు. కొందరికి పంపలేదు. ఏడాది తర్వాత ఇద్దరి లెక్కలూ పోల్చారు. ఫాఫ్‌షాంప్, మింటెన్ అనే ఆర్థికవేత్తలు 2012లో ప్రచురించిన ఫలితం ఇది: సందేశాలు అందినవాళ్లకు వచ్చిన ధరలో చెప్పుకోదగ్గ తేడా లేదు. వానకు పాడైన పంటలోనూ తేడా లేదు.

ఎందుకిలా? కేరళలో పడవ సముద్రంలో ఉంది. ఏ ఒడ్డుకైనా తిప్పొచ్చు. మధ్యప్రదేశ్‌లో రెండో కొనుగోలుదారు నిజంగా ఉన్నాడు. మరి కమీషన్ ఏజెంటు దగ్గర విత్తనాలకు, ఎరువులకు అప్పు తెచ్చుకున్న రైతు సంగతి? పక్క యార్డులో క్వింటాలుకు నూరు రూపాయలు ఎక్కువ ఉందని ఫోన్ చెబుతుంది. కానీ సరుకు తన దగ్గరికే తేవాలని అప్పిచ్చినవాడి మాట. పైగా పది బస్తాల కోసం ఆటో కిరాయి కట్టి యాభై కిలోమీటర్లు పోతే ఆ నూరూ కిరాయికే సరి. ధర తెలియక అమ్మినవాడికి కనీసం నిద్ర పట్టేది. ఇప్పుడు తెలిసి మరీ తక్కువకు అమ్ముతున్నాడు. కబురు అందింది గానీ బండి తిప్పే వీలు లేదు.

సర్కారు పెట్టిన కేంద్రాల్లోనూ కొన్ని ఇలాగే నీరుగారాయి. మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో 2000 జనవరిలో 'జ్ఞానదూత్' అని మొదలుపెట్టారు. ప్రపంచమంతా మెచ్చుకుంది, అంతర్జాతీయ బహుమతి వచ్చింది. రెండేళ్లకు వెళ్లి చూసినవాళ్లకు కనిపించిందేమిటంటే వాడేవాళ్లు తక్కువ, కరెంటు ఉండదు, టెలిఫోన్ లైను కలవదు, ఇక నిరుపేదలు గడప తొక్కడమే అరుదు.

అందుకే ఇంటర్నెట్‌తో పాటు నాలుగు చోట్ల నుంచి నాలుగు రకాల ఆసరా కావాలి. పది మంది రైతులు కలిసి ఒకే లారీ మాట్లాడుకుంటే కిరాయి బరువు పంచుకోవచ్చు. సరుకును గిడ్డంగిలో పెట్టి ఆ రసీదు మీద బ్యాంకు రుణం తీసుకోగలిగితే ధర లేని వారం అమ్మక తప్పని స్థితి ఉండదు. ఇలాంటి రసీదులు 2017 నుంచి ఎలక్ట్రానిక్ రూపంలోనూ ఇస్తున్నారు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ఉన్నచోట ఈ పని తేలిక. లేనిచోట ఊళ్లో పది మంది ఒక మాట మీద నిలబడటమే కష్టం. అది ఏ యంత్రం తీర్చే కష్టం కాదు, ఒప్పుకుందాం.

కేంద్ర ప్రభుత్వం 2016 ఏప్రిల్ 14న 21 మార్కెట్లతో ఈ-నామ్ మొదలుపెట్టింది. ఆ మొదటి జాబితాలోనే నిజామాబాద్ పసుపు మార్కెట్ ఉంది. ఇందులో వ్యాపారి ధర కంప్యూటర్లో వేస్తాడు. పక్కవాడెంత వేశాడో కనిపించదు. తుండు కింద చేతులు పట్టుకుని ధర తేల్చుకునే పాత పద్ధతితో పోలిస్తే ఇది మేలు. అయితే యార్డులో కొనేవాళ్లు నలుగురే ఉండి, ఆ నలుగురూ సాయంత్రం ఒకేచోట టీ తాగేవాళ్లయితే కంప్యూటర్ మాత్రం ఏం చేస్తుంది?

ఆ రైతుది ఏ ఊరు?

సలహా ఎవరి నోట వస్తే రైతు నమ్ముతాడు? దీన్ని కర్ణాటకలో పరీక్షించి చూశారు. డిజిటల్ గ్రీన్ పేరుతో 2006లో మొదలైన పని ఇది. శాస్త్రవేత్త కెమెరా ముందు నిలబడి ఉపన్యాసం ఇచ్చే బదులు, ఆ చుట్టుపక్కల రైతే తన చేలో తాను చేసి చూపిస్తే దాన్ని వీడియో తీశారు. సాయంత్రం పూట ఊళ్లో పాతిక ముప్ఫై మందిని కూర్చోబెట్టి చూపించారు. మధ్యలో ఆపి, అర్థమైందా అని అడిగే మనిషి ఒకరు ఊరినుంచే. 16 ఊళ్లలో 13 నెలలు నడిచింది. మామూలుగా విస్తరణ అధికారి వచ్చి చెప్పిపోయే ఊళ్లతో పోలిస్తే కొత్త పద్ధతులు చేపట్టినవాళ్లు ఏడు రెట్లు.

వీడియో చూడగానే జనం మొదట అడిగే ప్రశ్న పురుగు గురించో ఎరువు గురించో కాదట. ఆ రైతు పేరేమిటి, ఏ ఊరు అని! మనవాడే, మనలాంటి నేలే అని తెలిస్తే చాలు. తర్వాత ఈ పద్ధతి ఇథియోపియా దాకా పోయింది. మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సేద్యం చేసే మహిళా సంఘాల్లోనూ ఇలాంటి వీడియోలు చూపించారు.

ఈ కొలబద్ద ఇప్పుడు యూట్యూబ్‌కు పెట్టి చూడండి. ఒక్క మందుతో తామర పురుగు మాయం అంటూ మిరప రైతుకు రోజుకో వీడియో వస్తుంది. చెప్పేవాడి ఊరేది, నేలేది, అతని చేను ఆఖరికి ఎలా ఉంది, ఆ మందు డబ్బా మీద లైసెన్సు నంబరు ఉందా, ఆ వీడియో కింద ఆ మందే అమ్మే ఫోన్ నంబరు ఎందుకుంది? ఈ ప్రశ్నలకు జవాబు దొరక్కపోతే ఆ సలహాను మీ చేలో ఒక్క సాలు మీద కూడా ప్రయత్నించొద్దు. దుకాణంవాడు కనీసం మన ఊళ్లోనే ఉంటాడు, గట్టిగా అడగొచ్చు. వీడియోవాడిని ఎక్కడని వెతుకుతాం?

అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటి. పీఎం కిసాన్ డబ్బు ఆగిపోయింది, ఈ లింకు నొక్కండి అంటూ వాట్సాప్‌లో ఫైళ్లు వస్తున్నాయి. నొక్కితే ఖాతా ఖాళీ. ఓటీపీ అడిగినవాడు బ్యాంకువాడైనా, ఆఫీసరైనా, అల్లుడైనా చెప్పొద్దు. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. రేపు చూద్దాం అనుకుంటే ఆ డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది.

ఫోన్ మోగే ముందు

స్మార్ట్‌ఫోన్ లేని రైతు నిరాశ పడనక్కర్లేదు. బటన్ల ఫోన్ ఉన్నా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు చేయవచ్చు. 2004 నుంచి నడుస్తోంది. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా తెలుగులోనే మాట్లాడతారు, ఫోన్ ఖర్చు లేదు. స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లు వాతావరణ శాఖవారి 'మేఘదూత్' చూసుకోవచ్చు. వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో జిల్లాల వారీగా పంట సలహాలు మారుతుంటాయి. మందు కొట్టే ముందు రోజు వాన ఉందో లేదో చూసుకుంటే ఒక్క దఫా మందు ఖర్చు మిగిలినట్టే. తెలంగాణలో 2024 నుంచి రైతు వేదికల్లో 'రైతు నేస్తం' పేరుతో శాస్త్రవేత్తలతో వీడియోలో ముఖాముఖి మాట్లాడించే ఏర్పాటు మొదలుపెట్టారు. ఆంధ్రలో ఊళ్లోని రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకుడిని అడగవచ్చు.

కాల్ సెంటర్‌కు ఫోన్ చేసేటప్పుడు మాత్రం ఇంట్లో మంచం మీద కూర్చుని చేయకండి. చేలో నిలబడి చేయండి. అవతలివాడికి మన చేను కనిపించదు. వరంగల్‌లో కెమెరా పట్టుకున్న కుర్రవాడు చేసిన పని ఇక్కడ మనమే చేయాలి. విత్తి ఎన్ని రోజులైంది, విత్తనం రకం ఏమిటి, ఆఖరి వాన లేక తడి ఎప్పుడు, ఇప్పటిదాకా కొట్టిన మందులు ఏవి, ఎప్పుడు అన్నవి చీటీ మీద రాసుకోండి. డబ్బాల మీద కంపెనీ పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవాలి. కళ్లు ఆనకపోతే బడికి పోయే పిల్లను వెంట తీసుకుపోండి. ఆకు తిరగేసి అడుగున చూసి, గుడ్లు, పురుగులు, మచ్చలు ఎలా ఉన్నాయో చెప్పండి. పది మొక్కలు చూస్తే ఎన్నింటికి ఉందో లెక్కపెట్టి చెప్పండి. వాళ్లు చెప్పిన మందు పేరు, మోతాదు మళ్లీ ఒకసారి చెప్పించుకుని అదే చీటీ వెనక రాసుకోండి. దుకాణానికి పోయినప్పుడు ఆ చీటీ చేతిలో ఉండాలి. దాని బదులు ఇది వాడు, ఇదింకా బాగుంటుంది అని అతనంటే, సరే, బిల్లు మీద రాసి సంతకం పెట్టి ఇవ్వమనండి.